దొంగకు శిక్ష పడినా పేరు మీద అప్పు పోదు: ఐడెంటిటీ థెఫ్ట్ కేసులు మన కోర్టుల్లో ఎలా తేలతాయి

కిస్తీ బాకీ ఉందంటూ పేరు కూడా వినని ఫైనాన్స్ కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. లోన్ ఎవరిదని అడిగితే మన పేరు చెబుతారు, పాన్ నంబరు చదువుతారు, పుట్టిన తేదీ కూడా సరిగ్గానే చెబుతారు. డబ్బు పడిన ఖాతా, ఇచ్చిన ఫోన్ నంబరు మాత్రం వేరేవాళ్లవి. తమ గుర్తింపును ఎవరో వాడుకున్నారని చాలామందికి తెలిసొచ్చేది ఇలాగే. ఇంకొందరికి ఇంటి లోన్ కోసం వెళ్లినప్పుడు సిబిల్ రిపోర్టు చూసిన బ్యాంకు మేనేజరు చెబితే తెలుస్తుంది. మరికొందరికి తమ పేరున ఉన్న సిమ్‌తో ఎవరో మోసం చేశారంటూ వేరే రాష్ట్రం పోలీసుల నోటీసు అందాక తెలుస్తుంది.

స్టేషన్ మెట్లెక్కే బాధితుడు ముందుగా అడిగేది ఒక్కటే: కేసు పెడితే ఈ అప్పు నా పేరు మీద నుంచి పోతుందా? కేసు పెట్టినంత మాత్రాన పోదు. మేజిస్ట్రేట్ కోర్టు చూసేది నేరం చేసిందెవరు, వాళ్లకు శిక్ష ఏమిటి అన్నంతవరకే. ఫ్రీజ్ అయిన డబ్బు వెనక్కి రావాలంటే సాధారణంగా అదే కోర్టులో వేరే పిటిషన్ వేయాలి. అప్పు రికార్డు చెరిగేది లోన్ ఇచ్చిన సంస్థ దగ్గర, అందరి అప్పుల చరిత్ర దాచే సిబిల్ లాంటి క్రెడిట్ బ్యూరో దగ్గర. ఆ సంస్థ బాకీ కోసం దావా వేస్తే అది సివిల్ కోర్టులో నడుస్తుంది. ఈ దారులు వేటికవే. ఒకచోట వచ్చిన ఫలితం ఇంకోచోటికి దానంతటది చేరదు, బాధితుడే కాగితాలు మోసుకెళ్లాలి. ఎఫ్ఐఆర్ కాపీ చేతికి రాగానే పని అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు.

ఇది అరుదైన సమస్య కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 65,893 సైబర్ నేరాలు నమోదైతే, అందులో 15,297 ఒక్క తెలంగాణవే. ఆ ఏడాది దేశంలో మొదటి స్థానం తెలంగాణదే. ఫిర్యాదు తీసుకుని కేసు కట్టే అలవాటు ఇక్కడ ఎక్కువ కావడం కూడా ఇందుకు కొంత కారణమై ఉండొచ్చు. కానీ ఆ కేసులన్నీ చివరికి ఏదో ఒక కోర్టు బల్ల మీదకు చేరాల్సినవే.

ఏ సెక్షన్లు, ఎంత బలం

ఇలాంటి కేసులకు మూలం ఐటీ చట్టంలోని 66సి. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని, పాస్‌వర్డ్‌ను, లేదా వారిని గుర్తించే మరే ప్రత్యేక ఆధారాన్నైనా మోసబుద్ధితో వాడితే 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 2008 సవరణతో చేరిన ఈ సెక్షన్ 2009 అక్టోబరు 27 నుంచి అమల్లో ఉంది. కంప్యూటర్, ఫోన్ వంటివి వాడి వేరే మనిషిలా నటించి మోసం చేస్తే 66డి, శిక్ష కూడా అంతే. 2024 జులై 1 నుంచి వీటికి, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 318(4), 319(2) తోడవుతున్నాయి. పాత 420, 419 సెక్షన్లే ఇప్పుడు ఈ నంబర్లతో ఉన్నాయి. నకిలీ పత్రాలు సృష్టిస్తే 336, వాటిని అసలైనవిగా వాడితే 340. మోసంతో సిమ్ తీసుకుంటే 2023 టెలికాం చట్టం కింద 3 ఏళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

వినడానికి గట్టిగానే ఉన్నా, 66సి ఒక్కటే పెడితే కేసు బలహీనమే. అది బెయిలబుల్ నేరం, స్టేషన్‌లోనే బెయిల్ దొరుకుతుంది. పైగా 3 ఏళ్లకు తగ్గకుండా, 7 ఏళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో ఎఫ్ఐఆర్ కట్టే ముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేసుకునే వెసులుబాటును కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్, 173(3) సెక్షన్ ద్వారా పోలీసులకు ఇచ్చింది. 318(4)కు శిక్ష 7 ఏళ్ల వరకు ఉంటుంది కాబట్టి అది చేరితే ఈ వెసులుబాటు వర్తించదు. కాలపరిమితి సంగతీ అంతే. 66సి మాత్రమే ఉంటే నేరం తెలిసిన 3 ఏళ్లలోపు ఫిర్యాదు నమోదు కావాలి, 318(4) తోడైతే ఆ గడువు ఉండదు. అందుకే ఫిర్యాదులో జరిగిన మోసాన్ని, ఫోర్జరీ సంతకాన్ని, చేతులు మారిన డబ్బును విడివిడిగా రాయాలి. "నా పాన్ కార్డు దుర్వినియోగం అయింది" అని ఒక్క ముక్కలో రాసి వచ్చేస్తే పోలీసులు కూడా ఒక్క సెక్షనే పెడతారు.

ఐటీ చట్టం సెక్షన్లున్న కేసును ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. నిందితుడు జార్ఖండ్‌లోనో రాజస్థాన్‌లోనో ఉన్నా, ఫోన్ కాల్ లేదా మెసేజ్ అందింది ఇక్కడైతే ఇక్కడి కోర్టు విచారించవచ్చు. స్టేషన్‌లో కేసు తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించాలి.

బాధితుడెవరన్న చిక్కు

లోన్ మోసం కేసుల్లో పెద్దగా ఎవరూ మాట్లాడని చిక్కు ఒకటుంది. మోసపోయి డబ్బు పోగొట్టుకున్నది చట్టం దృష్టిలో లోన్ ఇచ్చిన సంస్థ. పేరు పోగొట్టుకున్న మనిషి చార్జిషీట్‌లో చాలాసార్లు ఒక సాక్షిగా మిగిలిపోతాడు. మొదట్లో అనుమానితుల్లో ఒకడిగా కూడా కనిపిస్తాడు, ఎందుకంటే కాగితాలన్నీ అతని పేరునే ఉంటాయి.

రాజీ దగ్గర దీని ప్రభావం బయటపడుతుంది. 318(4) కేసులో కోర్టు అనుమతితో రాజీపడే హక్కు మోసపోయిన వ్యక్తిది, అంటే ఇక్కడ ఆ సంస్థది. నిందితుడు బాకీ డబ్బు కట్టేస్తే సంస్థకు కేసు మీద ఆసక్తి పోతుంది. ఆ అప్పు మాత్రం బాధితుడి క్రెడిట్ రిపోర్టులో "సెటిల్డ్" అనే మాటతో ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. మొత్తం కట్టలేక బేరం చేసుకుని తెంపుకున్నారని ఆ మాటకు అర్థం, కొత్తగా లోన్ ఇచ్చేవాళ్లకు అది ఎర్రజెండానే. "క్లోజ్డ్" అని రాసినా సరిపోదు, అసలు తీసుకోని అప్పు తీర్చినట్టు కనిపిస్తుంది. రాజీ మాట ఎత్తిన రోజే ఆ ఖాతాను పూర్తిగా తొలగించాలని బాధితుడు రాతపూర్వకంగా పట్టుబట్టాలి. కోర్టు బయట జరిగే ఈ చిన్న కాగితం పని లోపలి తీర్పు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

66సి, 66డి కూడా ఐటీ చట్టం 77ఎ కింద రాజీకి వీలైనవే. కానీ నేరం స్త్రీ మీద గానీ, 18 ఏళ్ల లోపు పిల్లల మీద గానీ జరిగితే ఆ రాజీ కుదరదు. అమ్మాయిల ఫొటోలతో నకిలీ ప్రొఫైళ్లు తెరిచే కేసులకు ఇది ముఖ్యం. "ఇద్దరూ మాట్లాడుకున్నాం, కేసు తీసేయండి" అంటే కింది కోర్టు ఒప్పుకోదు, కొట్టివేయమంటూ హైకోర్టుకు వెళ్లాల్సిందే. బాధితురాలి మీద ఊళ్లో వచ్చే ఒత్తిడికి ఈ నిబంధన ఒక అడ్డుకట్ట. ఫోర్జరీ సెక్షన్లు కూడా రాజీకి వీల్లేనివే కాబట్టి, చార్జిషీట్‌లో అవి ఉన్నాయో లేదో చూసుకోవాలి.

సాక్ష్యం ఎక్కడ జారిపోతుంది

నిందితుడి అరెస్టు గురించి టెన్షన్ పడటం సహజమే. 7 ఏళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు యాంత్రికంగా చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే, అరెస్టు చేయకుండా విచారణకు రమ్మనే 41ఎ నోటీసు (ఇప్పుడది 35(3) నోటీసు) ఇచ్చి పంపేయడం ఎక్కువ. అరెస్టు కాలేదంటే కేసు నీరుగారిందని కాదు. కేసు నిలబడేదీ పడేదీ సాక్ష్యం దగ్గర.

కావాల్సిన సాక్ష్యం మామూలుగా నాలుగైదు చోట్ల ఉంటుంది. సిమ్ ఇచ్చినప్పుడు నింపిన కస్టమర్ దరఖాస్తు ఫారం, దాని మీది ఫొటో. లోన్ దరఖాస్తుతో ఇచ్చిన కేవైసీ (గుర్తింపు) పత్రాలు, సెల్ఫీ. లాగిన్ అయిన ఇంటర్నెట్ కనెక్షన్‌ను చూపే ఐపీ చిరునామా, ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు. డబ్బు పడిన ఖాతా, అక్కడి నుంచి అది పోయిన దారి. సంతకం ఉంటే ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పోలిక. వీటిలో ఎక్కువ భాగం ప్రైవేటు కంపెనీల సర్వర్లలో ఉంటాయి. కాల్ రికార్డుల వంటివాటిని టెలికాం కంపెనీలు కనీసం రెండేళ్లు దాచాలి, సీసీ కెమెరా ఫుటేజీ మాత్రం కొన్ని నెలలకే చెరిగిపోతుంది. దర్యాప్తు అధికారి లేఖ ఆలస్యమైతే కోర్టుకు చూపించడానికి ఏమీ మిగలదు. ఫిర్యాదు రోజే రికార్డులు భద్రపరచమని ఆ సంస్థకు రాతపూర్వకంగా నోటీసు పంపడం బాధితుడికి ఉన్న మంచి ఆయుధం.

దొరికిన రికార్డు కోర్టులో చెల్లాలంటే సర్టిఫికెట్ ఉండాలి. పాత సాక్ష్యాధారాల చట్టంలో అది 65బి, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 63(4). కంప్యూటర్ ప్రింటవుట్‌కు ఈ సర్టిఫికెట్ తప్పనిసరని 2020 జులైలో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త చట్టం ఇంకో మెట్టు ఎక్కి, సర్టిఫికెట్‌ను రెండు భాగాలు చేసింది: ఒకటి రికార్డు ఉన్నవాళ్లు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు మారలేదని చూపే హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. బాధితుడు తన ఫోన్‌లోని మెసేజీల స్క్రీన్‌షాట్లు ఇచ్చినా ఇదే నియమం. స్క్రీన్‌షాట్లు ఇచ్చేశాం కదా అని ఫోన్ అమ్మేసినా, ఫార్మాట్ చేసినా కేసుకు దెబ్బే.

దొంగ దొరక్కపోతే? పోలీసులు కేసు మూసేయమంటూ కోర్టుకు తుది నివేదిక వేస్తారు, ఆ సంగతి ఫిర్యాదుదారుకు చెప్పే కాగితాన్ని మన దగ్గర ఆర్‌సీఎస్ నోటీసు అంటారు. అందులో ఏ కారణం రాశారన్నది జాగ్రత్తగా చూడాలి. "అన్‌డిటెక్టెడ్" అంటే నేరం జరిగింది, చేసినవాడు దొరకలేదు అని. "ఫాల్స్" అన్నా, "సివిల్ నేచర్" అన్నా అర్థం పూర్తిగా మారిపోతుంది. మొదటిది బ్యాంకుకు చూపించుకోవడానికి పనికొచ్చే కాగితం, మిగతా రెండూ బ్యాంకు చేతికే ఆయుధమిస్తాయి. కేసు మూసేసే ముందు ఫిర్యాదుదారు మాట వినాలని సుప్రీంకోర్టు 1985లోనే భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. నోటీసు అందగానే మేజిస్ట్రేట్ ముందు ఆ నివేదికకు అభ్యంతరం చెప్పే ప్రొటెస్ట్ పిటిషన్ వేసి, కనీసం ఆ కారణాన్నైనా సరి చేయించుకోవచ్చు. దొంగ దొరికే ఆశ లేదని చాలామంది ఈ పిటిషన్ వదిలేస్తున్నారు. వాళ్లకు అసలు కావాల్సిన కాగితం అక్కడే ఉంది.

విచారణ దాకా వెళ్లిన కేసుల్లో కొందరు నిందితులు నేరం ఒప్పుకొని జరిమానాతో బయటపడతారు. ఆ జరిమానా నుంచి గానీ, విడిగా గానీ బాధితుడికి పరిహారం ఇప్పించే అధికారం బీఎన్ఎస్ఎస్ 395 కింద మేజిస్ట్రేట్‌కు ఉంది. ప్రాసిక్యూటర్ అడగకపోతే చాలాసార్లు ఆ ఊసే రాదు.

డబ్బు వెనక్కి వచ్చే దారి

ఖాతాలోంచి డబ్బు పోయిన కేసు అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయడంతోనే సగం ఫలితం తేలిపోతుంది. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉండగానే ఫ్రీజ్ అయితే, దాన్ని ఇప్పించమంటూ సాధారణంగా బీఎన్ఎస్ఎస్ 503 కింద (పాత 457) మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయాలి. కోర్టు ఆర్డరును బ్యాంకు అమలు చేస్తుంది. చిన్న మొత్తాల కోసం లాయర్‌ను పెట్టుకుని తిరగలేక ఎంతోమంది వదిలేసుకునేవారు. 2024 నుంచి తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో, రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ కలిసి ఇలాంటి పిటిషన్లను గుత్తగా జాతీయ లోక్ అదాలత్‌లకు పెట్టి రీఫండ్ ఇప్పిస్తున్నాయి. దొంగ దొరికేదాకా ఆగకుండా డబ్బు ఇచ్చేయడం ఇందులో గొప్ప సంగతి. రెండు తెలుగు రాష్ట్రాల్లోని కోర్టు సంస్కరణల్లో సామాన్యుడికి నేరుగా అందిన వాటిలో ఇది ముందు వరసలో నిలుస్తుంది.

బ్యాంకు బాధ్యత విషయంలో రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6 సర్క్యులర్‌లో పెట్టిన నియమం గట్టి ఆధారం. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక బయటివాళ్లదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేసిన ఖాతాదారు ఒక్క రూపాయీ భరించనక్కర్లేదు. ఖాతాదారుదే తప్పని నిరూపించే భారం బ్యాంకుదే. 2025 జనవరిలో ఒక కేసులో 94 వేల రూపాయలకు పైగా పోగొట్టుకున్న ఖాతాదారుకు డబ్బు ఇవ్వాల్సిందేనన్న గువాహటి హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు నిలబెట్టింది. అతను వెంటనే ఫిర్యాదు చేయడమే అక్కడ అతన్ని కాపాడింది.

పరిహారానికి ఇంకో తలుపుంది, తట్టేవాళ్లు తక్కువ. ఐటీ చట్టం 46 కింద ప్రతి రాష్ట్రంలో ఐటీ శాఖ కార్యదర్శే అడ్జుడికేటింగ్ అధికారి, అంటే పరిహారం వివాదాలు తేల్చే అధికారి. 5 కోట్ల రూపాయల వరకు నష్టపరిహారం క్లెయిములు ఆయన వినవచ్చు, ఆయన పరిధిలోని విషయాల్లో సివిల్ కోర్టుకు అధికారం లేదు. బ్యాంకు గానీ, టెలికాం కంపెనీ గానీ భద్రతలో నిర్లక్ష్యం చూపి నకిలీ సిమ్ ఇచ్చిందనో, ఖాతా తెరిచిందనో నిరూపించగలిగితే ఇదే సరైన వేదిక. దీని మీద అప్పీలు ఢిల్లీలోని టెలికాం వివాదాల అప్పీలు ట్రిబ్యునల్ టీడీశాట్‌కు వెళ్తుంది. జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఈ వేదిక దూరం కావడం, లాయర్లకే దీని గురించి పెద్దగా తెలియకపోవడం వల్ల ఇది చాలావరకు ఖాళీగానే ఉంటోంది.

మన మీదే దావా వేస్తే

ఇక భయపెట్టే మలుపు: తీసుకోని అప్పుకు సమన్లు రావడం. "నేను తీసుకోలేదు కదా, నాకేం సంబంధం" అని సమన్లు పక్కన పడేయడం వల్ల కలిగే నష్టం ఇంకే తప్పు వల్లా కలగదు. కోర్టుకు రాకపోతే మన వాదన వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది, ఆ తర్వాత జీతం మీదకో ఆస్తి మీదకో జప్తు వస్తుంది. దాన్ని రద్దు చేయించాలంటే డిక్రీ తేదీ నుంచి, సమన్లు సరిగా అందకపోతే సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో పిటిషన్ వేయాలి. హాజరైతే మాత్రం పరిస్థితి బాధితుడికే అనుకూలం. అప్పు ఇచ్చామన్నవాళ్లే ఆ సంతకం, ఆ ఓటీపీ, ఆ ఖాతా ఇతనివేనని నిరూపించాలి. డబ్బు పడిన ఖాతా వేరేవాళ్లదని తేలిన చోట దావా నిలబడటం కష్టం. ఫైనాన్స్ కంపెనీలు కొన్ని కోర్టుకు బదులు ఆర్బిట్రేషన్‌కు, అంటే ఒప్పందంలో రాసుకున్న ప్రైవేటు మధ్యవర్తి దగ్గరకు వెళ్తాయి, ఎక్కడో దూరపు ఊళ్లోని ఆర్బిట్రేటర్ పేరుతో నోటీసు వస్తుంది. ఒప్పందం మీద సంతకమే మనది కానప్పుడు ఆర్బిట్రేషన్ ఒప్పందమే లేదని మొదటి జవాబులోనే చెప్పాలి. అవార్డు (ఆర్బిట్రేటర్ తీర్పు) వచ్చాక దాన్ని సవాలు చేయడానికి ఉండే గడువు 3 నెలలు, సరైన కారణం చూపిస్తే మరో 30 రోజులు.

క్రెడిట్ రికార్డు సంగతి దీనికి సమాంతరంగా నడవాలి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ ఈ నాలుగింటిలోనూ విడివిడిగా ఫిర్యాదు పెట్టాలి. ఒకదాంట్లో సరిచేస్తే మిగతావాటిలో మారిపోతుందని అనుకోకూడదు. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నియమం 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. క్రెడిట్ బ్యూరోల మీద కూడా రిజర్వ్ బ్యాంక్ ఫిర్యాదుల అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, ఖర్చు లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే మాత్రం "ఈయన మా సేవలే తీసుకోలేదు, వినియోగదారుడు ఎలా అవుతాడు" అనే వాదన ఎదురుకావచ్చు. పాత ఖాతా ఉన్న బ్యాంకు మీదైతే ఆ ఇబ్బంది లేదు.

భూమి విషయంలో ఉన్నది, ఇక్కడ లేనిది

గుర్తింపు దొంగతనం తెలుగువాళ్లకు కంప్యూటర్లతో వచ్చింది కాదు. యజమాని అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉంటే, ఊళ్లో ఇంకొకణ్ణి ఆయనగా నిలబెట్టి స్థలం రిజిస్టర్ చేయించడం మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులు ఎప్పటి నుంచో చూస్తున్న మోసమే. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్ దీనికి 7 ఏళ్ల వరకు జైలు శిక్ష పెట్టింది. పాత మోసం, కొత్త మోసం ఒకచోట కలిసిన సందర్భమూ ఉంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలను నకలు తీసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు కేసు పెట్టారు. సిమ్‌ల సంగతి ఇలా ఉండబట్టే, తమ పేరున ఎన్ని నంబర్లున్నాయో జనం చూసుకునే టాఫ్‌కాప్ పోర్టల్ 2021లో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే మొదలైంది. ఇప్పుడది టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో భాగం.

భూమి కేసుల్లో ఒక మంచి ఏర్పాటుంది. నకిలీ దస్తావేజు రద్దు చేయమని సంగతి తెలిసిన 3 ఏళ్లలోపు దావా వేసి గెలిస్తే, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 31(2) ప్రకారం కోర్టే డిక్రీ కాపీని రిజిస్ట్రేషన్ అధికారికి పంపాలి. ఆయన తన రికార్డుల్లో ఆ దస్తావేజు రద్దయినట్టు రాసుకోవాలి. తీర్పు, రికార్డు రెండూ ఒకచోట కలుస్తాయి.

పాన్ మీద, ఆధార్ మీద జరిగిన దొంగతనానికి అలాంటిది లేదు. మేజిస్ట్రేట్ నిందితుడికి శిక్ష వేసినా, ఆ తీర్పు కాపీ సిబిల్‌కు గానీ, టెలికాం కంపెనీకి గానీ, జీఎస్టీ ఆఫీసుకు గానీ పంపాలన్న నిబంధన ఏ చట్టంలోనూ కనిపించదు. మన తెలుగువాళ్లు ఎంతోమంది ఉంటున్న కాలిఫోర్నియాలో, తన పేరుతో వేరొకరు నేరం చేశారని నిరూపించుకున్న బాధితుడికి ఇతను నిర్దోషి అని జడ్జి విడిగా ఆర్డరు ఇచ్చే ఏర్పాటు అక్కడి శిక్షాస్మృతి 530.6 సెక్షన్‌లో ఉంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం, కావాల్సిన పత్రాలు అందిన 4 పనిదినాల్లో క్రెడిట్ బ్యూరో ఆ దొంగ అప్పును రిపోర్టులో కనపడకుండా ఆపేయాలి. ఇలాంటివి మన పార్లమెంటు చేయలేనివేమీ కావు.

చట్టం మారేదాకా చేయగలిగిన పని ఒకటుంది. ఫలానా పత్రం మీది సంతకం ఫలానా బాధితుడిది కాదని, ఆ లోన్‌తో గానీ సిమ్‌తో గానీ అతనికి సంబంధం లేదని తీర్పులో స్పష్టంగా ఒక వాక్యం రాయడానికి మేజిస్ట్రేట్‌కు ఏ అడ్డూ లేదు. ఆ వాక్యం కావాలని ప్రాసిక్యూటర్ చేత గానీ, సొంత లాయర్ చేత రాతపూర్వక వాదనల ద్వారా గానీ అడిగించాలి. లాయర్‌ను పెట్టుకోలేనివాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. తీర్పు వచ్చాక కాపీయింగ్ సెక్షన్‌లో సర్టిఫైడ్ కాపీలు ఒక్కటి కాకుండా నాలుగైదు తీసుకోవాలి, ఎందుకంటే ప్రతి ఆఫీసూ అసలు కాపీనే అడుగుతుంది.